అడిగి మరీ ఎత్తుకెళ్ళాడు

తైనాన్,
వానలు మొదలైన వారం.

అమ్మకు నమస్కారాలు. నేనూ జుయ్‌ఫాంగూ క్షేమమే, దాదాపుగా. నువ్వూ, నీ నడుమూ, నీ టిఫిన్ కొట్టూ కులాసా అని తలుస్తాను. ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వే మాట్లాడతావు. ఈసారి నేను మాట్లాడాలి.

ముందు నీ ప్రశ్నలు. ఎండుచేపలు అందాయి. ఇల్లంతా మన పెంగూ దీవి వాసనే. జుయ్‌ఫాంగ్ పోలీసు ఉద్యోగం మానేసిందా? లేదు, మానదు. పోయినేడాది రేవులో ఆమెకు కత్తిపోటు తగిలాక నువ్వన్న మాట మరిచిపోలేదు: "ఇంకోసారి ఆసుపత్రిలో చేరిందంటే మీ పెళ్ళికి రాను." నువ్వు రాకపోతే పెళ్ళే వద్దని ఆమె పట్టు. నా ప్రాణానికి మీరిద్దరూ సరిపోయారు!

ఇక కబురు. మా వీధి గుడిలో మాజూ అమ్మవారి విగ్రహం పోయింది. కేసు జుయ్‌ఫాంగ్‌కే పడింది. పత్రికకు వార్త రాయాలిగా, నేనూ వెంటపడ్డాను. దొంగ చేతులకు తొడుగులు వేసుకొచ్చినట్టున్నాడు, ఎక్కడా ఒక్క వేలిముద్ర లేదు. గుడి చూసుకునే ఆషుయ్ తాతను "గడియ పెట్టలేదా?" అంటే, "అమ్మవారు లోపలుండగా గడియెందుకే!" అని నామీద ఎగిరాడు.

అప్పుడు చూశాను. అమ్మవారిని అనుమతి అడిగేటప్పుడు వేసే నెలవంక చెక్కలు నేలమీద ఉన్నాయి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. అంటే "సరే" అన్నట్టు. తాత రోజూ గుడి మూసేముందు వాటిని నూనెగుడ్డతో తుడిచి పళ్ళెంలో పెడతాడు. మరి కింద వేసిందెవరు?

"తొడుగులతో ఎవరైనా చెక్కలు వేస్తారా జుయ్?"

"అమ్మో, అమ్మవారికి కోపం రాదూ!" అని, ఆ మాట నోట్లో ఉండగానే చెక్కలమీదికి వంగింది.

నూనె చెక్కలమీద వేలిముద్రలు అచ్చుగుద్దినట్టున్నాయి. దొంగ పాత కేసులో పట్టుబడ్డవాడే, ఒకప్పుడు ఊరేగింపులో పల్లకి మోసినవాడు. మేం వాడింటికి వెళ్ళేసరికి మేడమీద గదిలో అమ్మవారి ముందు కమలాపళ్ళు, అగరొత్తులు. పక్కన మంచాన పడ్డ వాళ్ళ అమ్మ.

"మా అమ్మ లేచి గుడికి రాలేదు. అందుకే అమ్మవారినే ఇంటికి రమ్మని చెక్కలు వేసి మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ వస్తానంది," అన్నాడు.

"పోలీసులొస్తే ఏం చెయ్యాలో కూడా అడగాల్సింది అన్నా," అంది జుయ్‌ఫాంగ్. అని, ఆ ముసలావిడ మొక్కుకోవడం అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడింది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తున్నా, కూర్చో. అమ్మవారిని ఎర్రగుడ్డలో చుట్టి దించుతుంటే, తడి మెట్లమీద జుయ్‌ఫాంగ్ జారింది. విగ్రహం వదిలేసి కమ్మీ పట్టుకోవచ్చు. వదల్లేదు. అమ్మవారికి గీత పడలేదు. ఆమె కుడి మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో రెండు రోజులుంది. నీకు తెలియకుండా ఉంచుదామా అని నాకనిపించింది. ఆమె ఒప్పుకోలేదు. "మీ అమ్మ తిడితే పడతాను, అబద్ధం చెప్పి కోడల్ని కాను," అంది.

ఒకటి ఆలోచించు. ఈసారి ఆమెను ఆసుపత్రికి పంపింది దొంగ కాదు, సాక్షాత్తూ మాజూ. నువ్వు పెట్టిన షరతులో అమ్మవారి ఊసు లేదు.

ఆదివారం పడవకు వస్తున్నాం. పెళ్ళికి ముందు కోడలు అత్తకు టీ ఇవ్వాలిగా. పళ్ళేనికి రెండు చేతులు కావాలి, ఆమెకు ఒకటే ఉంది. రెండోవైపు నేను పట్టుకుంటాను. కప్పు అందుకోవడం, మానడం నీ ఇష్టం. కాకపోతే, అమ్మా, చల్లారేదాకా మమ్మల్ని నిలబెట్టకు.

ఇట్లు,
నీ మొండి కూతురు,
మింగ్‌హ్వీ