అందరి ఛార్జర్

మంగళవారం, తార్నాక

అన్ని ఫోన్లకూ ఒకే పిన్ను ఉండాలని ఏళ్ల తరబడి వ్యాసాలు రాశాను. రకానికో వైరు అమ్మి జనాన్ని దోస్తున్నారని కంపెనీలను తిట్టాను. ఇవాళ యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంటులో అందరి కోసం పెట్టిన టైప్-సి ఛార్జర్ కనబడలేదు. "ఉమ్మడి సొత్తు కాజేసేవాళ్ల మధ్య ఇంకేం సమానత్వం?" అని స్టాఫ్ రూములో అరిచాను. ఎవరి పేరూ ఎత్తలేదు. నా చూపు మాత్రం అటెండర్ యాదమ్మ మీద ఆగింది.

ఆమె తన సంచి తెచ్చి నా టేబుల్ మీద బోర్లించింది. టిఫిన్ డబ్బా, బస్ పాసు, బటన్ల ఫోను.

"సూడుండ్రి సార్. నా డబ్బా ఫోన్‌కు మీ పిన్ను పట్టనే పట్టది. నేనేం జేసుకుంట?"

"నిన్నెవరన్నారమ్మా?" అన్నాను. అరిచినదానికంటే ఆ మాటే నీచం.

ఇంటికొచ్చి బ్యాగు తెరిస్తే ఒకేలాంటి ఛార్జర్లు రెండు. నిన్న సాయంత్రం నాదే అనుకుని పీకి వేసుకున్నాను. ఒకదాని మీద డిపార్ట్‌మెంటు పేరుంది, నా చేతిరాతతోనే.

రేపు ఎవరూ రాకముందే వెళ్లి ప్లగ్గుకు తగిలించేద్దామన్న ఆలోచనే మొదట వచ్చింది. ఛీ! తిట్టింది అందరి ముందు, చెప్పాల్సిందీ అందరి ముందే. అయినా ఎంత పొద్దున్నే వెళ్లినా...

డిపార్ట్‌మెంటు తాళాలు యాదమ్మ దగ్గరే ఉంటాయి.