ఆపితే మరిచిపోయే కంప్యూటర్

2021 మే, మంగళవారం

బుడ్డోడా... నీ కంప్యూటర్ ఇంకా నడుస్తూనే ఉంది. ఆస్పత్రికి పోయిన రోజు నువ్వు ఎట్లా వదిలావో అట్లానే. పక్కన గుచ్చిన పెన్ డ్రైవ్ మీద చిన్న దీపం మిణుకుమిణుకు. నువ్వు పోయావు. అది ఆగలేదు.

బుధవారం

దుమ్ము తుడవాలన్నా భయం. చెయ్యి తగిలి పెన్ డ్రైవ్ ఊడితే...

లోపలి డిస్కు కాలిపోయినా వాడు కంప్యూటర్‌ను పారేయలేదు. పెన్ డ్రైవ్‌లో లినక్స్ అని ఏదో ఎక్కించి, దానితోనే నడిపించాడు. "దీనికి మతిమరుపు అమ్మా. ఆపితే అన్నీ మరుస్తది. మళ్ళ పొద్దుగాల కొత్తగ పుడతది."

"అచ్చం మీ నాయిన లెక్కనే" అన్నాను. ఎంత నవ్వాడో.

శుక్రవారం

స్వప్న దాని ముందు కూర్చుంది. కసిరాను. "ముట్టకు!"

"ముడ్తలేను, చూస్తున్న. అమ్మా... అన్న నీ పాట రికార్డు చేసిండు. సేవ్ చెయ్యలే. గట్లనే ఉన్నది."

జ్వరం మొదలైన రోజు. నాట్ల పాట పాడమని సతాయించి పాడించుకున్నాడు. మధ్యలో వాడి మాటలు కూడా ఉంటాయి. వాడి ఫోన్ ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు. వాడి గొంతు ఇంకెక్కడా లేదు.

స్వప్న వేరే పెన్ డ్రైవ్ తెచ్చి రెండో రంధ్రంలో పెట్టి చూసింది. పట్టుకోవడం లేదు. నెట్టు కూడా అందదు దానికి. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బిందని వాడే తీసేశాడు. కరెంటు ఉన్నంతసేపే...

శనివారం

సోమవారం లైను పని ఉందట. మన గల్లీకి పొద్దంతా కరెంటు ఉండదట.



శనివారం, సాయంత్రం

స్వప్న ఉపాయం చెప్పింది. కంప్యూటర్‌లో పాట పెట్టి, తన ఫోన్‌లో రికార్డు చేస్తుందట. కాసేపు చేసి వినిపించింది. టకటక టకటక... కింద సాంచెల చప్పుడే, ఆ కరెంటు మగ్గాలదే. పాట ఎక్కడో దోమ రొదలాగా ఉంది. వాడు రికార్డు చేసిన రోజు పనికి మజూర్లు రాక కింద మగ్గాలన్నీ బంద్. ఇప్పుడు రాత్రీపగలూ నడుస్తున్నాయి, గోడలు కూడా అదురుతున్నాయి.

ఈయన కింద పని నుంచి అన్నానికి వచ్చాడు. అడిగాను. "ఒక్క పాటంత సేపు ఆపిస్తవా?"

"సాంచెలు ఆపితే సేఠ్ నా మెడ మీద కూసుంటడు."

"పిల్లగాని గొంతు..."

వాడు పోయినప్పటి నుంచి ఈయన నోట వాడి మాట రాలేదు. కంచంలో చెయ్యి కడిగేసి దిగిపోయాడు. అన్నం సగం అట్లనే ఉంది.

ఆదివారం

బియ్యం కడుగుతున్నాను. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. కరెంటు పోయిందా! ఉరికి చూశాను. దీపం మిణుకుతూనే ఉంది.

కింది నుంచి ఈయన కేక. "జల్దీ కానియ్యుండ్రి!"

ఎంతసేపని ఇంకెవరో, "కిత్నా టైం, భాయ్?"

"ఏక్ గానా! బస్, ఏక్ గానా!" ఒక్క పాటంతేనని ఈయన.

స్వప్న ఫోన్ దగ్గరగా పట్టింది. "అమ్మా, ఏడ్వకు. నీ ఏడుపు గూడ ఎక్కుతది."

కొంగు నోట్లో కుక్కుకున్నాను.

నా పాట. ఎంత బొంగురు గొంతో నాది! మధ్యలో వాడి నవ్వు. దగ్గు. మళ్ళీ నవ్వు. పాట ఆగింది. వాడు ఏదో అనబోతున్నాడు...

"చాలు తియ్యి అమ్మా, ఆకలైతంది. అన్నం..."

అప్పుడే సాంచెలు మొదలయ్యాయి.

సోమవారం

దీపం ఆరిపోయింది. తెర నల్లగా ఉంది. కరెంటు వచ్చినా అది కొత్తగా పుడుతుంది. మేమెవరమో దానికి తెలియదు.

"ఫోన్ల ఉన్నది, విను" అని స్వప్న నా ముందు పెట్టింది. వినలేదు. చివరి మాట ఎక్కిందో, మగ్గాల చప్పుడులో మునిగిందో...

ఈయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కరెంటు లేదు, పని లేదు. లోపలికి చూడకుండానే అడిగాడు. "పిల్లగాడు... ఎక్కిండా?"

ఫోన్ నా ఒళ్ళోనే ఉంది.

అన్నం అడిగి పోయావు కదా బుడ్డోడా. వేడిగా వండి కంచం పెట్టాను. నీళ్ళు పక్కనే ఉన్నాయి. ఎక్కడున్నా కడుపునిండా తిను.