అవ్వ నీ దగ్గర రెండు రొట్టెలు తింటుందట

చెల్లె ప్రవళికా, జమ్మికుంటలో మేమందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, అవ్వ వింటుంది. ఆమెకు చదువు రాదు కనుక కార్డు రాస్తున్నాను.

మొన్న మీ ఆయన వచ్చి, అవ్వ భైంసాలో పూటకు రెండు జొన్నరొట్టెలు తిని నవ్వుతూ ముచ్చట్లు చెబుతోందన్నాడు. నా కడుపు మండింది. చిన్నప్పుడూ అంతే, కన్నతల్లి పక్కన చోటు నీదే. బాపు పోయాక నాలుగు నెలలు, డాక్టర్ చెప్పినట్టు షుగర్‌కు తగ్గట్టు కొలిచి పెట్టింది నేను. నా ఇంట్లో ఆమె కంచం ముందు కూర్చుని ఏడ్చేది.

ప్రవళిక ఏం మందు పెడుతోందని అడిగాను. "ఏం లేదు వదినె, ఇద్దరు ఒక్క కంచంల తింటరు" అన్నాడు.

"నువ్వు గూడ కూసో బిడ్డా" అని అవ్వ నాతోనూ రోజూ అనేది. ఆమె తినేదాకా నేను కాపలా నిలబడ్డానే తప్ప కూర్చోలేదు.

షుగర్ పరీక్ష చేయించావా? పచ్చడి ఎక్కువ వేయకు. ఆమె నల్లంచు చీర ఇక్కడే ఉంది, నేను మాత్రం పంపను, వచ్చి కట్టుకోమను. పిల్లలకు దీవెనలు. నెలాఖరుకు అవ్వను తోలియ్యి. ఇద్దరికి సరిపోయే కంచం కొన్నాను.

మీ అక్క పుష్పలీల