చిరునామా లేని ఫిర్యాదు

ఆదివారం, మార్చి 9

చిన్నా,

అక్క ఆశీస్సులు. ఇక్కడ నేనూ అమ్మా బాగున్నాం. అమ్మ మోకాలికి కొత్త తైలం దొరికింది, ఇల్లంతా ఆ వాసనే. నువ్వూ, నీ గదిలో ఉండే డ్రాయింగు మాస్టారూ క్షేమమని తలుస్తాను. నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఫోన్ చేస్తే బాగానే ఉన్నానంటావు, మరుక్షణం ఎవరో పిలుస్తున్నారంటావు. అచ్చాఫీసులో నిజంగా అంత పనుంటే మీ యజమాని ఈపాటికి మేడ మీద మేడ కట్టి ఉండాలి.

నీతో ఒక పని పడింది. పొద్దస్తమానం ఇతరుల తప్పులు దిద్దే ప్రూఫ్ రీడరువి కదా, నేను రాసిన ఒక జవాబు చూసిపెట్టాలి. ఏం జవాబో చెప్పేముందు కాస్త గుండె చిక్కబట్టుకో. నా ఉద్యోగం గురించి మనింట్లో ఎవరూ నోరెత్తరు. అమ్మ ఇప్పటికీ పక్కింటివాళ్ళకి రబ్బరు ఫ్యాక్టరీ అనే చెబుతుంది, వాళ్ళు నేను చెప్పులు తయారు చేస్తాననుకుంటున్నారు. పదకొండేళ్ళుగా కండోముల ఫ్యాక్టరీలో ఫిర్యాదుల విభాగం చూస్తున్న మనిషిని, నీ దగ్గర నాకు సిగ్గేమిటి? సిగ్గుగానే ఉంది. అయినా రాసేస్తున్నాను.

పది రోజుల క్రితం ఒక ఫిర్యాదు వచ్చింది. మామూలుగా వచ్చేవి నాకు కంఠతా. పెట్టెలో పదికి తొమ్మిదే ఉన్నాయని, వాసన బాగాలేదని, పెట్టె మీద బొమ్మలో అమ్మాయి మరీ నవ్వుతోందని. ఇది అలాంటిది కాదు. టైపు చేసిన కాగితం, దానికి పిన్ను చేసిన చిరిగిన రేకు కవరు ఒకటి. సంతకం లేదు, చిరునామా లేదు. నేనూ నాతో ఉండే మనిషీ వెనకవైపు, అంటే మలద్వారం ద్వారా కలుస్తాం, మీ సరుకు రెండుసార్లు చిరిగింది అని రాశారు. చిరిగి అప్పటికే రెండు వారాలైందట. జారుడు కోసం తలనూనె వాడారట. ముందూ తర్వాతా సబ్బుతోనూ, పుండ్లు కడిగే మందునీళ్ళతోనూ లోపలిదాకా శుభ్రం చేసుకున్నారట. అయినా కొంచెం రక్తం కనబడిందట, అప్పట్నుంచీ నిద్ర లేదట. తప్పు మీ సరుకుదా, మాదా, ఎవర్ని అడగాలో తెలియక మిమ్మల్ని అడుగుతున్నాం అని ముగించారు.

ఆ మాట ఎవరైనా ఫ్యాక్టరీని అడుగుతారా? డాక్టర్ని అడగలేక, స్నేహితుణ్ణి అడగలేక, ముక్కూమొహం తెలియని ఫ్యాక్టరీని అడిగారన్నమాట. పోనీ జవాబు ఎక్కడికి పంపాలో రాశారా అంటే అదీ లేదు. కోప్పడాలో జాలిపడాలో నాకు తెలియలేదు.

కాగితం మా ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన రెండో వాక్యం దాకా చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మూడో వాక్యం దగ్గర కాగితం బోర్లించేశారు. చిరునామా లేని ఫిర్యాదుకి జవాబు అక్కర్లేదు, ఫైల్లో పెట్టెయ్యమన్నారు. రోజుకి లక్ష కండోములు తయారయ్యే చోట వాటిని ఎలా వాడతారన్న మాట వస్తే చాలు, అందరి చెవులూ ఎర్రబడతాయి. నేనేం తక్కువ తిన్నానని? రిజిస్టర్లో ఫిర్యాదు ఏ రకమో రాయాల్సి వస్తే, చాలాసేపు కలం పట్టుకు కూచుని, "ఇతరములు" అని రాశాను. ఆ రోజంతా మనసు మనసులో లేదు. పదికి తొమ్మిదే వచ్చాయన్నాయనకి వాసన బాగాలేనందుకు క్షమాపణ వెళ్ళిపోయింది.

మర్నాడు ల్యాబు మేడం దగ్గరికి వెళ్ళాను. సరుకులో గాలి నింపి, ఎంత ఉబ్బాక పగులుతుందో చూసే మనిషి ఆవిడ. నూనె సంగతి అడిగితే మాటల్తో చెప్పకుండా డ్రాయరులోంచి తన తలనూనె సీసానే తీసింది. ఒకదానికి రాసి, కాసేపాగి, మిషనుకి తగిలించింది. మామూలుది తలగడంత ఉబ్బినా తట్టుకుంటుంది. నూనె రాసింది అందులో పావువంతు కాకుండానే టప్పుమంది. నేను ఉలిక్కిపడ్డాను. పదకొండేళ్ళుగా ఇక్కడే ఉండి ఈ మాత్రం తెలియలేదేమని నన్ను నేనే తిట్టుకున్నాను. పెట్టె మీద రాసే ఉంటుందట, కాకపోతే చీమ తలకాయంత అక్షరాలు.

అక్కణ్ణుంచి ఫ్యాక్టరీ నర్సమ్మ దగ్గరికి. ఎవరి కోసమని అడిగింది. ఫిర్యాదు కోసమన్నాను. నా మొహం కాసేపు చూసి, కుర్చీ చూపించి, తలుపు వేసింది. అడగాలనుకున్నవన్నీ కలగాపులగంగా అడిగేశాను. ఇది మొగుడూపెళ్ళాలు కూడా చేస్తారా, మగవాళ్ళిద్దరే చేస్తారా, తప్పా, జబ్బా, అలవాటా, గుక్క తిప్పుకోకుండా అడిగాను. ఆమె అంతా విని, "చర్మానికి ఆ లెక్కలేం తెలుసు తల్లీ? ఎవరికైనా లోపలి పొర పల్చనే, ఎవరికైనా జాగ్రత్త ఒకటే" అంది. నాకు పూర్తిగా అర్థమైందని చెప్పను. కానీ నేను అడగాల్సింది ఒకటైతే ఇంకోటేదో అడిగానని మాత్రం తెలిసింది.

ఆమె చెప్పిందీ, మేడం చూపించిందీ కలిపి జవాబు రాశాను. చిరునామా లేనివాళ్ళకి జవాబెందుకని నువ్వు నవ్వుతావేమో. రాయకుండా ఉండలేకపోయాను. ఇదిగో చిత్తు:

"అయ్యా లేక అమ్మా, తప్పు సరుకుది కాదు, మీదీ కాదు, నూనెది. తలనూనె, వాజిలీను, చేతులకి రాసుకునే క్రీములు, ఏవైనా సరే రబ్బరుని నిమిషాల్లో పాడుచేస్తాయి. ఆ చోట దానంతట అది తడి ఊరదు కాబట్టి జారుడు తప్పనిసరిగా కావాలి. మందుల షాపులో నీటితో చేసిన జెల్ కావాలని అడగండి. ధారాళంగా వాడండి, ఆరిపోతే మళ్ళీ రాయండి. భయంకొద్దీ రెండు కండోములు ఒకదాని మీద ఒకటి వేసుకోకండి, ఒరుసుకుని రెండూ చిరుగుతాయి. ప్రతిసారీ కొత్తది తీయాలి. వెనకవైపు వాడినదాన్ని నోటి దగ్గరికిగానీ ముందువైపుకిగానీ తేకూడదు; అది తీసేసి, కడుక్కుని, కొత్తది వేసుకోవాలి.

శుభ్రం విషయంలో మీరు అతి చేశారు. బయట గోరువెచ్చని నీళ్ళతో కడుక్కుంటే చాలు. సబ్బూ మందునీళ్ళూ లోపలికి పోనిస్తే ఆ పల్చటి పొర దెబ్బతిని రోగాలు సులువుగా అంటుకుంటాయి. గోళ్ళు కత్తిరించుకోండి. తొందరపడొద్దు. నొప్పి వస్తే ఆపెయ్యాలి. నొప్పి తెలియకుండా మొద్దుబార్చే మందులు రాయకూడదు, గాయమైనా తెలియకుండా పోతుంది. ఇద్దరిలో ఎవరు ఎప్పుడు వద్దన్నా అక్కడితో సరి.

చిరిగినప్పుడు మూడు రోజుల లోపల ఆస్పత్రికి వెళితే హెచ్‌ఐవి అంటకుండా మందు మొదలుపెడతారు, ఎంత తొందరగా వెళితే అంత మంచిది. మీకు ఆ గడువు దాటిపోయింది. అందుకని ఇద్దరూ వెంటనే రక్తపరీక్ష చేయించుకోండి. సిఫిలిస్ లాంటి మిగతావాటికి కూడా చూడమనండి. ఇప్పుడు ఏమీ లేదన్నా మూడు నెలలకి ఇంకోసారి వెళ్ళాలి. హెపటైటిస్ బి టీకా వేయించుకున్నారో లేదో డాక్టరుకి చెప్పండి. మళ్ళీ రక్తం కనబడినా, జ్వరమొచ్చినా, పుండు లేచినా ఆగొద్దు. ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్ళు రోజూ వినే సంగతే అది."

ఇదీ చిన్నా. మాటలు మొరటుగా ఉన్నాయా, ఎక్కడన్నా చెప్పాల్సింది వదిలేశానా, చూడు. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు చదువు. మీ మాస్టారికి కూడా భాష బాగా వచ్చన్నావు, ఆయనకీ చూపించు.

అమ్మ పక్కన కూచుని ఎవరికని అడుగుతోంది. నీకని చెప్పాను. నీ పెళ్ళి మాట కూడా రాయమంది. రాశానని చెప్పాను.

ఇట్లు,
నీ అక్క

తా.క.: ఉత్తరం మడిచి కవర్లో పెట్టి, మళ్ళీ బయటికి తీశాను.

నెలనెలా మా ఫ్యాక్టరీవాళ్ళు ఉద్యోగులకి ఇంటికిచ్చే పెట్టెలు నీకు తెలుసు కదా. బయట అమ్ముకోకుండా వాటిలో ప్రతి కవరు మీదా ఎవరి టోకెను నంబరు వాళ్ళది కొడతారు. ఆ ఫిర్యాదుకి పిన్ను చేసిన రేకు మీద ఉన్నది రెండువందల పదహారు. అది నా నంబరు. ఒంటిదాన్ని, నాకవి దేనికని, పోయిన వేసవిలో నువ్వొచ్చినప్పుడు అన్నీ నీ సంచిలో కుక్కి, పెళ్ళికి పనికొస్తాయిలే అని ఎగతాళి చేశాను. ఇంకెవరికీ ఒక్కటి కూడా ఇవ్వలేదు. ఎలా వాడాలో నీకు ఒక్క ముక్క చెప్పలేదు. అది నా తప్పు.

ఈ పది రోజుల్లో నీకు నాలుగుసార్లు ఫోన్ చేసి నాలుగుసార్లూ ఎండల గురించి మాట్లాడి పెట్టేశాను. సగం సంగతులు నాకింకా అర్థం కాలేదు. మాస్టార్ని ఇకమీదట ఏమని పిలవాలో కూడా తెలియదు. నాకు అర్థమయ్యేదాకా మీరు ఆగొద్దు, ఉత్తరం అందిన రోజే ఇద్దరూ వెళ్ళండి. వెళ్ళొచ్చామని ఒక కార్డు ముక్క రాస్తే నాకు నిద్ర పడుతుంది. అమ్మకి నేను చెప్పను, చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం.

రేకు మీద నంబరుంటుందని తెలియక పంపావో, తెలిసే పంపావో నాకు తెలియడం లేదు. ఇక్కడ ఫిర్యాదులు చదివేది నేనేనని మాత్రం నీకు తెలుసు.

పైన రాసింది చిత్తు కాదురా. దిద్దక్కర్లేదు, ఉంచుకో.