బండి ఇంకా నా పేరు మీదే ఉంది

అక్కకి,

చెల్లెలు ఉమ నమస్కారాలు. నేనిక్కడ ఒంట్లో బాగానే ఉన్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? అత్తయ్యగారికి షుగరు అదుపులోకి వచ్చిందా? స్వాతి పరీక్షలు బాగా రాసిందా? అందరూ బాగుండాలని రోజూ అనుకుంటూనే ఉంటాను.

వారానికి రెండుసార్లు ఫోన్లో మాట్లాడుకుంటూ ఈ ఉత్తరమేమిటి, అదీ ఇంటికి కాకుండా నీ స్కూలుకి రావడమేమిటి అని కంగారు పడతావు. మీ ఇంట్లో నా ఫోన్ వస్తే స్పీకరు పెట్టి హాల్లో బల్ల మీద ఉంచుతారు. బావగారు, అత్తయ్యగారు, పక్కింటివాళ్ళు ఎవరుంటే వాళ్ళు వింటారు. ఇది నువ్వొక్కదానివే చదవాల్సిన సంగతి. బడి వదిలాక తీరిగ్గా కూర్చుని చదువు. మళ్ళీ చెబుతున్నాను, నాకేం కాలేదు.

ముందు ఇక్కడి కబుర్లు. జర్మనీకి వచ్చి ఏడాది దాటింది కదా, ఇది నాకు రెండో చలికాలం. మధ్యాహ్నం నాలుగయ్యేసరికి చీకటి పడుతుంది. బందరులో ఉక్కపోతని తిట్టుకున్న నోటితోనే ఇప్పుడు ఎండ కోసం దేవుణ్ణి అడుగుతున్నాను. నా వార్డులో అందరూ ముసలివాళ్ళే. నా పేరు పలకడం తేలికే అయినా ఒకావిడ నన్ను తన చెల్లెలనుకుని వేరే పేరుతో పిలుస్తుంది. నేనూ పలుకుతున్నాను. తిండికి లోటు లేదు, బియ్యం దొరుకుతున్నాయి. ఎండు రొయ్యలు మాత్రం మళ్ళీ పంపకు. పోయినసారి వేయిస్తుంటే పై అంతస్తాయన ఏదో కాలిపోతోందని కిందికి పరిగెత్తుకొచ్చాడు. ఆదివారాలు మాత్రం చాలా కష్టంగా ఉంటుంది. ఇంత పెద్ద ఊళ్ళో నన్ను తిన్నావా అని అడిగేవాళ్ళు లేరు.

ఉన్న ఒక్క స్నేహితురాలు ఉర్సులా. నాతో పనిచేసే పెద్ద నర్సు, వచ్చే ఏడాది రిటైరవుతుంది. చూపు మందగించిందని కారు అమ్మేసుకుంది. పోయిన మంగళవారం నాకు సెలవైతే తోడు రమ్మంది. కారు కొన్న మనిషి ఊరవతల నుంచి వచ్చాడు. ఆవిడ తాళాలివ్వలేదు. ముందు నంబరు ప్లేట్లు రెండూ విప్పించి సంచిలో పెట్టుకుని, నన్ను వెంటేసుకుని, వాళ్ళ ఆర్టీవో ఆఫీసులాంటి చోటికి వెళ్ళింది. అక్కడ గుమస్తా ప్లేట్ల మీద ఉన్న గుండ్రటి ముద్ర గీకేశాడు, పుస్తకంలో ఏదో కొట్టేశాడు. ఉర్సులా అక్కడే వరండాలో నిలబడి ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోన్ చేసి రద్దు చేయించింది. అంతా అరగంట పని. అప్పుడు నావైపు తిరిగి, "ఇక ఆ కారు ఏం చేసినా నా పేరు ఎవరూ తలవరు" అంది.

అక్కా, ఆ మాట వినగానే నా బండి గుర్తొచ్చింది.

నేను వచ్చేముందు నా తెల్ల కారు బావగారే తీసుకున్నారు కదా. ఇంట్లోవాళ్ళ మధ్య కాగితాలేమిటని నేనే అన్నాను, తప్పు నాది. మంచిరోజు చూసుకుని తాళాలిచ్చాను. తెల్లారితే మూఢం. "మూఢంలో కొత్త పేరు రాయించకూడదమ్మా, వెళ్ళాక చూద్దాం" అన్నారు. మూఢం వెళ్ళింది, శూన్యమాసం వచ్చింది, అదీ వెళ్ళింది. నేను విమానం ఎక్కేముందు అడిగితే ఏమన్నారో నీకూ గుర్తుండాలి, నువ్వు పక్కనే కాఫీ కలుపుతున్నావు. "నీది మంచి హస్తవాసి. నీ పేరు మీద ఉన్నన్నాళ్ళూ ఆ బండికి గీత కూడా పడలేదు. ఇంకొన్నాళ్ళు ఉండనీ" అన్నారు. నా చేత్తో ఇంజెక్షన్ వేస్తే నొప్పే తెలియదని పేషెంట్లు అంటుంటే ఉబ్బిపోయే మనిషిని నేను. ఇక్కడా ఉబ్బిపోయాను. పేరు మార్పు ఫారాల మీద ఖాళీలు పూరించకుండా సంతకాలు పెట్టి ఆయన చేతికిచ్చి వచ్చేశాను. ఇన్సూరెన్సు గడువైపోతే తనే కట్టుకుంటానన్నారని ఏజెంటుకి నేనే వద్దని చెప్పాను. బావగారు కట్టలేదు. ఆ సంగతి మొన్ననే ఏజెంటుని అడిగి తెలుసుకున్నాను.

ఉర్సులాతో వెళ్ళిన ఆ ఆఫీసు నుంచి ఇంటికి రాగానే పాత ఫోన్ తీశాను. అందులో మన బందరు సిమ్ ఉంది. బ్యాంకు పని పడితే తప్ప దాన్ని ఆన్ చెయ్యను. ఆన్ చెయ్యగానే మెసేజ్‌లు వరసపెట్టి వచ్చాయి, నా బండి మీద చలానాలు. ఒకటి గుడివాడలో, ఒకటి ఉయ్యూరులో. అవి చూసి నవ్వుకున్నాను కూడా, బావగారికి సీటు బెల్టు అంటే పడదు కదా అని. చివరి రెండూ చూశాక నవ్వు ఆగిపోయింది.

రెండింటి మీదా ఒకే తేదీ, కార్తీక పౌర్ణమికి ముందురోజు. మొదటిది ఉదయం ఆరు దాటి పది నిమిషాలకి, బందరు ఊరి చివర చల్లపల్లి రోడ్డు మలుపులో, స్పీడు ఎక్కువని. ఫొటోలో బండికి ముందు లైట్లు రెండూ బాగున్నాయి. రెండోది ఏడు కాకముందే, చల్లపల్లి సెంటర్లో, సీటు బెల్టు లేదని. అందులో ఎడమవైపు లైటు లేదు. బంపరు కిందికి వేలాడుతోంది. బానెట్టు మీద సొట్ట.

ఇప్పుడు నువ్వు ఫోన్లో చెప్పిన మాట గుర్తు చేసుకో. మన వీధికి చేపలు తెచ్చే నాంచారమ్మని పౌర్ణమి ముందురోజు పొద్దున చల్లపల్లి రోడ్డు మలుపు దాటాక, ఆటో దిగి గంప నెత్తికెత్తుకుంటుంటే ఏదో తెల్ల కారు గుద్ది ఆగకుండా పోయిందన్నావు. తుంటి విరిగింది, తలకి దెబ్బ, ఇంకా తెలివి రాలేదన్నావు. "ఎవడో పాపాత్ముడు, కనీసం ఆగి చూడలేదే" అని ఏడ్చావు. నేనూ ఏడ్చాను. అమ్మాయిగారూ, మీకోసం చందువాలు దాచానండీ అంటూ గుమ్మంలో కూర్చునే మనిషి. నేను బయల్దేరే రోజు నా బుగ్గలు నిమిరి, "నీళ్ళు మారితే జలుబు సేత్తదండీ, మిరియాలు అట్టుకెళ్ళండి" అని పొట్లం ఇచ్చింది.

మర్నాడు బావగారికి నేనే ఫోన్ చేశాను, నువ్వు బడిలో ఉన్నప్పుడు. బండి ఎలా ఉందని మామూలుగా అడిగాను. "దసరాకే ముదినేపల్లి చేపల చెరువులవాళ్ళకి ఇచ్చేశానమ్మా, అప్పట్నుంచి నేను ముట్టుకోలేదు" అన్నారు. ముదినేపల్లి బండికి తెల్లారి చల్లపల్లి రోడ్డు మీద పనేమిటని అడగబోయి, చలానాలు వచ్చాయని మాత్రం అన్నాను. వెనకాల మీ ఇంట్లో కుక్కరు విజిల్ వినిపిస్తోంది. తర్వాత చాలా నెమ్మదిగా, "అవన్నీ దొంగ మెసేజ్‌లమ్మా. లింకు నొక్కావంటే ఖాతా ఖాళీ అవుతుంది. ఆ సిమ్ విరిచి పడెయ్. అంత దూరాన ఉన్నావు, నిన్నెవరు అడుగుతారు?" అన్నారు. పద్దెనిమిదేళ్ళుగా ఆయన్ని చూస్తున్నాను. అంత నెమ్మదిగా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు.

రెండో ఫొటో ప్రింటు తీయించి ఇందులో పెడుతున్నాను. అద్దం మీద ఎండ పడి నడిపేవాళ్ళ మొహం తెలియడం లేదు. స్టీరింగు మీద చెయ్యి తెలుస్తోంది, ఆ చేతికి బావగారిదిలాంటి రాగి కడియం ఉంది. రాగి కడియాలు వేసుకునేవాళ్ళు కృష్ణా జిల్లాలో లెక్కలేనంతమంది. అది బావగారేనని నేను ప్రమాణం చెయ్యలేను, కాదని నమ్మనూ లేకపోతున్నాను. నాకు భయంగా ఉందక్కా.

నిన్న ఆయనే ఫోన్ చేశారు. ఏడాదిలో తనంతట తాను చెయ్యడం ఇదే మొదటిసారి. "నీ మాటే నిజం, పేరు మార్పించేద్దాం. ఆర్టీవో ఆఫీసులో మనవాడున్నాడు, పాత తేదీ వేస్తాడు. నీ సిమ్‌కి ఓటీపీ వస్తుంది, చెప్పు చాలు" అన్నారు. నేను అడుగుతున్నది అదే కదా, ప్రాణం లేచొచ్చింది. ఎవరి పేరు మీదకండీ అన్నాను. "మీ అక్క పేరు మీదకే. ఆడవాళ్ళ పేరు మీదుంటే కలిసొస్తుంది" అన్నారు.

ఆ నంబరు వచ్చింది. నా కళ్ళముందే ఉంది. సిగ్నల్ లేదు, రాలేదండీ అని అబద్ధమాడాను. నాలుగుసార్లు పంపించారు, నాలుగుసార్లూ అదే చెప్పాను. ఆ నంబరు చెబితే నాంచారమ్మని గుద్దిన రోజున బండి నీదవుతుంది. నేను బయటపడతాను, నువ్వు ఇరుక్కుంటావు. ఈ చేతులతో ఆ పని చెయ్యను.

మన బందరు ఆసుపత్రిలో అలాంటి కేసులు ఎన్ని చూశాను! బండి దొరక్క, దొరికినా ఇన్సూరెన్సు లేక, పైసా పరిహారం రాక, ఇంటిల్లిపాదీ వరండాలో పడుకునేవాళ్ళు. నాంచారమ్మకి ఎవరు బాధ్యులో చెప్పే కాగితం ఇప్పుడు నా ఒక్కదాని దగ్గరే ఉంది. చెబితే ముందు నా పేరే రాస్తారు. ఇక్కడ నా వీసా పొడిగించాల్సిన ఏడాది ఇదే. ఆ సంగతి తెలియక కాదు. రెండు ఫొటోలూ పెట్టి, తేదీలూ నా చిరునామా రాసి బందరు స్టేషనుకి ఇంకో ఉత్తరం సిద్ధం చేశాను. నీది ఈరోజు వేస్తున్నాను. అది నీకు అందిందని తెలిశాక వారం ఆగి దాన్ని వేస్తాను. ఆ వారంలో నువ్వు అడిగితే బావగారు తనంతట తానే వెళ్ళి చెబుతారేమో. అలా చెబితే మీ ఇంటికి కాస్తయినా మేలు.

ఈలోగా ఆయన ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టకు. అలిగినా, అరిచినా పెట్టకు. వీలైతే ఒకసారి ఆసుపత్రికి వెళ్ళి నాంచారమ్మని నా తరఫున చూసిరా.

అత్తయ్యగారికి నా నమస్కారాలు, స్వాతికి ముద్దులు. వీధిలో పెద్దవాళ్ళందరినీ అడిగానని చెప్పు. బావగారికి ఏం రాయాలో నాకు తెలియడం లేదు. నువ్వు నాకన్నా పెద్దదానివి, నన్ను తిట్టుకున్నా సరే, ఆశీర్వదించు.

నీ చెల్లెలు,
ఉమ

కవరు అంటించబోతుంటే మళ్ళీ బావగారి ఫోన్ వచ్చింది. "మీ అక్క పొద్దున్నే సంతకం పెట్టేసిందమ్మా, నీ నంబరు ఒక్కటే ఆలస్యం" అన్నారు. వెనకాల నీ గాజుల చప్పుడు వినిపించింది. అక్కా, అది ఏ కాగితమో తెలిసే పెట్టావా?