రేడియేటర్ మూత నా డ్యూటీ

జూలై 4, శుక్రవారం, పొద్దున ఆరు

ఈరోజు నా బిడ్డ సుప్రజ సొంత పికప్‌లో మదనపల్లె నుంచి కుప్పానికి టమోటా లోడు తీసుకుపోతోంది! ఐదో క్లాసు చదివిన చెయ్యి, తప్పులు పడితే పడనీ.

ఇన్నాళ్లూ అంగళ్లు, వాల్మీకిపురం, అన్నీ చిన్న బాడుగలే. ఇప్పుడు కుప్పం మండీ గురుమూర్తి మూడు శుక్రవారాలు చూస్తానన్నాడు. పదకొండులోపల సరుకు దించితే ఏడాది పొడుగునా లోడు మా బిడ్డదే. లేకపోతే పోటీకొచ్చిన కిషోర్ వ్యాన్‌కు పోతుంది. మార్కెట్లో హమాలీలు, ఆడబిడ్డ గేరు మార్చేలోపల టమోటాలు పచ్చడైపోతాయి పో అని నవ్వారు. అట్లయితే సంగటి తెచ్చుకోండప్పా, నంజుకుందురు అనింది సుప్రజ. నా బిడ్డ!

నేనూ పోతున్నాను. నాకొక డ్యూటీ ఇచ్చింది. రేడియేటర్ మూత. ఇంజను సల్లగా ఉండేటప్పుడే తియ్యాల నాయనా, వేడి మీద తీస్తే మొగం కాల్తాది, నీళ్లు సూడు, రబ్బరు సూడు, స్ప్రింగు నొక్కి సూడు, మళ్లా కడదాకా తిప్పు అని నేర్పింది. ఆ మూత ఇంకెవరూ ముట్టకూడదు. నేను ముట్టనివ్వను.

సంతోషం పట్టలేక ఇంకో పని కూడా చేశాను. పుంగనూరు సుగుటూరు గంగమ్మ గుడి నుంచి తెచ్చిన పసుపు దారం మూతకు చుట్టాను. పైన కడితే గాలికి ఊడుతుందని లోపలివైపు, రబ్బరుకు ఆనించి, గట్టిగా. బిడ్డకు చెప్పలేదు. అమ్మవారికి తెలిస్తే చాలదా.

అదే రోజు, సాయంత్రం

పుంగనూరు దాటి ఎత్తు ఎక్కుతుంటే వేడి చూపించే ముల్లు ఎర్రగీత తాకింది. బానెట్ కింద బుస్సుమని ఆవిరి. చింతచెట్టు కింద ఆపి, ఇంజను చల్లారేదాకా కూర్చున్నాము. మూత నేనే గుడ్డ పెట్టి తీశాను. నీళ్లు సగం లేవు. దారం మాత్రం అంత వేడికి కూడా చెక్కుచెదరలేదు! అమ్మే కాపాడింది అనుకున్నాను. నీళ్లు పోసి బిగించాను.

కుప్పం చేరేసరికి పన్నెండు. గురుమూర్తి, మొదటిసారి కదమ్మా, పోనీలే అన్నాడు. మంచి మనిషి.

జూలై 5

మదనపల్లెలో స్పేర్ పార్ట్స్ అంగడికి పోయాము. బిడ్డ చూడకుండా దారం ముందే ఊడదీసి, మూత చూపించాను. అంగడాయన రబ్బరు నొక్కి, గట్టిపడిపోయినాదప్పా, కొత్తది ఏసుకోండి అన్నాడు. సుప్రజ పాత మూత మీది నంబరు, కొత్తదాని మీది నంబరు పక్కపక్కన పెట్టి చూసింది. రెండూ ఒకటే ఉండాలంట, లేకపోతే ప్రెషర్ తేడా వస్తుందంట. ఎంత తెలివి నా బిడ్డకు!

కొత్త మూత తళతళలాడుతోంది. కొత్త వస్తువును ఉత్తగా బిగిస్తామా? కొత్త దారం చుట్టాను. ఈసారి ఇంకో రెండు చుట్లు ఎక్కువ.

జూలై 11, శుక్రవారం

మళ్లీ పొంగింది. ఈసారి గంగవరం దగ్గర. మళ్లీ ఆలస్యం. గురుమూర్తి ఈసారి నవ్వలేదు. వచ్చే శుక్రవారం కూడా ఇట్లే అయితే నన్నేమీ అనుకోవద్దమ్మా అన్నాడు.

జూలై 12

సుప్రజ అన్నం తినలేదు. నేనూ తినలేదు. సుప్రజ వాళ్లమ్మ రెడ్డెమ్మ మా ఇద్దరినీ తిట్టి, వండింది కొట్టంలో ఎనుముకు పెట్టేసింది.

జూలై 14

పుంగనూరులో మెకానిక్ ముద్దుకృష్ణ దగ్గరికి పోయాము. పంపు బాగుంది, ఫ్యాను బాగుంది, యాడా లీకు లేదు. ఇంజను విప్పాలేమో అన్నాడు. సుప్రజ మొహం తెల్లబోయింది. విప్పితే శుక్రవారానికి బండి లేచేది కల్ల.

అప్పుడు ఆయన, ఆఖరికి మూత కూడా సూద్దాం అన్నాడు. నేను తీస్తానప్పా అని ముందుకు పోయాను. పర్లేదు పెద్దాయనా అని తనే తిప్పాడు. తిప్పి పైకెత్తాడు. పట్టుకుని చూస్తూనే ఉన్నాడు. తర్వాత షెడ్డంతా వినపడేటట్టు, ఈ ఇంజనుకు పెండ్లి ఎప్పుడు చేసినారప్పా, తాళి కట్టినారే అన్నాడు! పని చేసేవాళ్లంతా వచ్చి చూసి నవ్వారు.

మూత రబ్బరు రేడియేటర్ గొంతు మీద సమంగా కూర్చోవాలంట. మధ్యలో ఒక వెంట్రుక ఉన్నా ప్రెషర్ నిలవదంట. ప్రెషర్ లేకపోతే నీళ్లు తొందరగా మరిగి బయటికి తన్నేస్తాయంట. ఎవురు కట్టినారు ఈ మంగళసూత్రం అని అడిగాడు.

సుప్రజ నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను.

నా బిడ్డే ముందుకొచ్చి, అన్నా, నేనే కట్టినా, ఏదో మొక్కుబడి అనింది.

దారి పొడుగునా సుప్రజ రోడ్డు మీదే చూపు పెట్టి బండి నడిపింది. ఇంక మూత నా చేతికి ఇవ్వదు, ఇంటికాడ కూర్చో నాయనా అంటుంది అనుకున్నాను. అంటే అననీ, న్యాయమే. మదనపల్లె కనపడేటప్పుడు బండి పక్కకు ఆపింది. స్టీరింగ్ మీద తల పెట్టింది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది! కండ్లల్లో నీళ్లు కారేటట్టు నవ్వి, పాత మూతకు కూడా కట్టింటివా నాయనా అని అడిగింది. ఊ అన్నాను. మళ్లీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇల్లు చేరినాక, రేపు పొద్దున నీళ్లు సూసేది మర్చిపోవద్దు అనింది.

డ్యూటీ పోలేదు!

జూలై 18, శుక్రవారం, పొద్దున ఐదున్నర

నీళ్లు నిండుగా ఉన్నాయి. మూత రబ్బరు తుడిచాను. స్ప్రింగు నొక్కి చూశాను. ఏమీ చుట్టలేదు. కడదాకా తిప్పాను. జేబులో దారం ఉంది, చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోతోంది.

సుప్రజ చూసేసింది. యాల నాయనా దాన్ని జేబులో మురగబెడతావు, ఈడ కట్టు అని కుడిచెయ్యి చాపింది.

అదే రోజు, కుప్పం

పదిన్నరకే దించేశాము. ముల్లు మధ్యలోనే ఉంది. స్టీరింగ్‌కు పసుపు అంటింది. తుడవలేదు.