ఇనుప టోపీ లోపలి తిట్టు

12 ఫిబ్రవరి 2000, శనివారం, మెల్‌బోర్న్

భుజాలు లాగేస్తున్నాయి. పొద్దున్నుంచి రేకును సుత్తితో గుండ్రంగా సాగగొట్టడమే సరిపోయింది. ఎప్పుడో చచ్చిన గుర్రపు యోధుల శిరస్త్రాణాలకు నకళ్లు చేయించుకుని షోకేసులో పెట్టుకుంటారు ఈ దొరలు. పోయేకాలం!

తెనాలిలో నాన్న గిన్నెల కొట్లో ఉలితో పేర్లు చెక్కిన చెయ్యి ఊరుకోదు. ఇక్కడెవడికీ తెలుగు రాదనే ధైర్యంతో, ప్రతి టోపీ లోపలా కొనబోయేవాణ్ణి తిడుతూ ఒక మాట చెక్కుతున్నాను. ఇవాళ వచ్చినవాడు మనవాడే, వై2కే పనికి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు. ఆఫీసు పార్టీకని ఒకటి ఎత్తి లోపలికి చూశాడు.

"అంకుల్, 'బుర్ర ఖాళీ' అనుందేంటి? నన్నేనా?"

అంతలో మా ముసలి యజమాని జార్జ్ వచ్చి, అదేం రాతని అడిగాడు. కుర్రాడు నావైపోసారి చూసి, "మేకర్స్ నేమ్, సర్" అన్నాడు. తర్వాత నా చెవిలో, "ఇదే ప్యాక్ చెయ్యండంకుల్, మా మేనేజర్ నెత్తిన పెడతా" అన్నాడు.

జార్జ్ కళ్లు చెమర్చాయి. పూర్వం కవచాలు చేసేవాళ్లూ ఇలాగే తమ గుర్తు వేసేవారట. "ఇన్నేళ్లలో నా షెడ్డులో ఎవడూ పేరు పెట్టుకునేంత ఇష్టంగా పనిచెయ్యలేదు" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

షెల్ఫులో ఇంకా ఆరు టోపీలున్నాయి, ఆరు రకాల తిట్లతో. అరగదీద్దామంటే షెడ్డు తాళం ఆయన దగ్గరే ఉంది. సోమవారం చెప్పేయాలి. చెబితే ఉద్యోగం ఉంటుందో, ఊడుతుందో...

ఆయన నన్ను నాలుగు తిట్టినా హాయిగా నిద్రపోయేవాణ్ణి. అంతలా మురిసిపోయాడే ముసలాయన!